చుట్టాల్లేని మేనేజరు

మా దీవిలో కొట్టు పెట్టి బాగుపడ్డవాడు ఇంతవరకు లేడు. మా చిన్నాన్న కొడుకు సియోసి ఒకసారి పెట్టాడు. బియ్యం, చక్కెర, పొగాకు, డబ్బా మాంసం రాజధాని తరావా నుంచి ఓడలో దింపించి రేకుల గది నిండా సర్దాడు. మొదట మా మేనత్త వచ్చి "నాయనా, బుబుసి" అంది, బియ్యం బస్తా పట్టుకెళ్ళింది. తర్వాత నేను వెళ్ళాను. మళ్ళీ ఓడ వచ్చేసరికి ఆ గదిలో రేకులు, సియోసి మిగిలారు. వాణ్ణి ఎవరూ దోచుకోలేదు. అడిగాం, ఇచ్చాడు. చుట్టం ఇంటికొచ్చి బుబుసి అని నోరు తెరిచి అడిగాక లేదనడం మా కిరిబాటిలో లేదు. లేదన్నవాడు ఆ తర్వాత ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు? రేపు వాడికి పడవ కావాలన్నా, పందిపిల్ల కావాలన్నా, పెంచుకోవడానికి బిడ్డ కావాలన్నా అడగాల్సింది మమ్మల్నే కదా.

ఈ సంగతి కెల్విన్ దొరకి తరావాలోనే ఎవరో చెవిన వేశారు. ఆయనది ఆస్ట్రేలియా. అక్కడ డబ్బున్నవాళ్ళు కొందరు కలిసి పెట్టుబడి పెడితే, మా కొబ్బరి నీరాని పాకం కాచి సీసాల్లో పోసి దేశాలకి అమ్మాలని వచ్చాడు. నీరాకి మా దగ్గర లోటు లేదు. నేనూ గీసేవాణ్ణే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి, నోరారా పాడుకుంటూ గెల చివర చెక్కి దింపుకొస్తాను. పాట ఎందుకంటే, చెట్టు మీద మనిషి ఉన్నాడని కింద ఆడవాళ్ళకి తెలియాలి. దొర కౌన్సిలు దగ్గర స్థలం కౌలుకి తీసుకుని షెడ్డు వేశాడు. పెద్ద స్టీలు గంగాళాలు, కరెంటుకి ఎండ పలకలు, పడవ ఇంజను, మనిషి పడుకునేంత ఫ్రీజరు, అన్నీ దించాడు. దించి, కౌన్సిలు వాళ్ళని ఒకటే అడిగాడు.

"మేనేజరుగా నాకు చుట్టాల్లేని మనిషి కావాలి."

మేం పడీపడీ నవ్వాం. మా ఊళ్ళో కుక్కకి కూడా మేనమామ ఉంటాడు. కానీ నవ్వు ఆగాక అందరికీ ఒక్క పేరే గుర్తొచ్చింది.

లుసమా తండ్రిది టువాలు దేశం. తల్లిది బనాబా దీవి. పుట్టింది నౌరూలో, ఫాస్ఫేటు గనుల దగ్గర. సర్కారువాళ్ళు మా దీవిలో చేపల కోల్డ్ స్టోరేజీ పెట్టినప్పుడు మెకానిక్కుగా వచ్చాడు. కోల్డ్ స్టోరేజీ మూతపడింది, అతను ఉండిపోయాడు. వచ్చిన కొత్తలో మా పెద్దలు ఐదు తరాలు తవ్వి చూశారు, ఎక్కడో ఒకచోట మనవాడు కాకపోతాడా అని. చేప పొలుసంత చుట్టరికం కూడా తేలలేదు. పెళ్ళీ కాలేదు. పిల్లనడగడానికి వెనక పెద్దవాళ్ళుండాలిగా. మనియాబాలో, అంటే మా ఊరి సభాశాలలో, ఒక్కో కుటుంబానికి ఒక్కో చోటు ఉంటుంది. తాతల నాటి నుంచి ఆ చోటు వాళ్ళదే. లుసమా మాత్రం నర్సు పక్కన, తరావా నుంచి వచ్చే ఆఫీసర్ల పక్కన, చూరు కింద అతిథుల చోట కూర్చునేవాడు. ఆ నర్సులు మారారు, ఆఫీసర్లు మారారు, ఇతను మాత్రం అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు.

కంపెనీ రాకముందు ఒకరోజు ఒడ్డున నా పడవకి చీలిక పూడుస్తూ అడిగాడు.

"బౌరో, ఒక మాటడుగుతా. నవ్వవు కదా?"

"నవ్వొస్తే నవ్వుతా. అడుగు."

"రేపు నేను పోతే నన్నెక్కడ పెడతారు?"

మా దగ్గర ఎవరి ఇంటి పక్కన వాళ్ళని పూడుస్తాం. అతనికి ఇల్లుంది కానీ అది సర్కారు స్థలం.

"విమానం దిగే చోట పక్కన ఉందిగా జాగా. మునిగిన ఓడలోవాళ్ళని అక్కడే పెట్టాం."

"అదే నా బాధ. విమానం దిగినప్పుడల్లా లేచి దారివ్వాల్సొస్తుంది."

ఇద్దరం నవ్వాం. అతను నవ్వుతూనే, "నాకు ఒక మనిషి వెడల్పు నేల చాలు బౌరో, కానీ అది ఎవరో ఒకరిది అయ్యుండాలి," అన్నాడు.

మేనేజరయ్యాక లుసమా పని చక్కగా చేశాడు. తెచ్చిన నీరాకి తెచ్చినట్టు డబ్బు ఇచ్చేవాడు. షెడ్డు అద్దంలా ఉండేది. మాకు మాత్రం కడుపుమంటగా ఉండేది. అంత పెద్ద ఫ్రీజరు, సగం కూడా నిండదు. పడవ ఇంజను శనివారం, ఆదివారం ఊరికే పడి ఉంటుంది. పక్కన నేను తెడ్డు వేసుకుంటూ చేపలకి పోవాలి. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"అడక్కు బౌరో," అన్నాడు మెల్లగా. "నువ్వు చుట్టానివైతే ఇద్దును. కావు కదా."

అందులో పొగరు లేదు, దిగులే ఉంది. అయినా నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి సియోసీ, నేనూ కూర్చుని ఆలోచించాం. చుట్టరికం లేకపోతే కలుపుకోవాలి. అంతకంటే తేలికపని మా దీవిలో లేదు. పొద్దున్నే మా పెద్దమ్మ తాబేటా దగ్గరికి పోయాం. ఆవిడ మా కుటుంబంలో పెద్ద దిక్కు. కొడుకులు ముగ్గురూ జర్మనీ ఓడల మీద పనిచేస్తారు.

"పెద్దమ్మా, ఇంత నేల పెట్టుకుని ఒక్కదానివే ఉంటున్నావు," అని మొదలుపెట్టాను.

"సూటిగా చెప్పరా. నా మీద ప్రేమ పొంగి రాలేదు నువ్వు."

"లుసమాని పెంచుకో."

"వాడికి యాభై దాటాయి. పాలు పట్టమంటావా ఏంటి?" అని పొగాకు చుట్టుకుంటూ మా ఇద్దరి మొహాలూ చూసింది. "మీకు ఆ షెడ్డులో సామాను కావాలి."

"నీకొద్దా?"

"నాకూ కావాలి. ఫ్రీజరు మీద ఎప్పట్నించో కన్నుంది." కాసేపు పొగ పీల్చింది. "అదొక్కటే అయితే పొమ్మనేదాన్నిరా మిమ్మల్ని. ఆ మనిషి చూరు కింద అలా ఒంటరిగా కూర్చోవడం నాకు బాలేదు. చూసినప్పుడల్లా అన్నం సయించదు. పిలుచుకు రా."

నేను పిలవకముందే సంగతి అతనికి చేరింది. సాయంత్రం నేను చెట్టు మీద ఉండగా కిందకొచ్చి నిలబడ్డాడు.

"ఎందుకో నాకు తెలుసు బౌరో."

"తెలిస్తే రావద్దు. బలవంతమేం లేదు," అన్నాను పైనుంచి.

"తెలిసే వస్తున్నా."

"దొర ఊరుకోడేమో."

"ఉద్యోగం ఇంతకుముందూ పోయింది, పోతే ఏమవుతుందో చూశాను. ఇది మళ్ళీ ఎవరూ అడగరు నన్ను."

మనియాబాలో పెద్దలు ఒప్పుకున్నారు. తాబేటా పెద్దమ్మ రోడ్డు నుంచి లగూను ఒడ్డు దాకా ఒక పట్టీ నేల, చేమగడ్డ గుంటలో ఒక వాటా అతని పేర చెప్పింది. లుసమా చూరు కింద నుంచి లేచి, అందరూ చూస్తుండగా సభ మధ్యగా నడిచి, మా వాళ్ళ చోటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. వెనకున్న స్తంభాన్ని ఒకసారి చేత్తో తడిమి దానికి ఆనుకున్నాడు. అన్నం పంచేటప్పుడు మా కుటుంబం పేరు పిలిస్తే తట్ట అందుకోవడానికి అందరికంటే ముందు అతనే లేచాడు. మా పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఆ వారం ఎవరూ ఏమీ అడగలేదు. మాకూ మర్యాద ఉంటుంది. తర్వాత పెద్దమ్మ వెళ్ళి ఫ్రీజరు అడిగింది. సియోసి కూతురు పెళ్ళికి గంగాళాలు అడిగాడు. పాస్టరు గారు చర్చిలో దీపాలకి ఎండ పలకలు అడిగాడు. పాస్టరుకి చుట్టరికం ఎక్కడిదంటే, ఆయన భార్య నాకు మరదలు వరస. నేను ఇంజను అడిగాను.

"తమ్ముడూ, బుబుసి," అన్నాను.

"నువ్వడగడానికి ఇన్నాళ్ళెందుకు పట్టింది అన్నా?" అని తనే భుజాన మోసుకొచ్చి నా పడవకి బిగించాడు. మరలు బిగిస్తూ పాడుతున్నాడు. ఇస్తూ అంత మురిసిపోయేవాణ్ణి నేను చూడలేదు. పాడింది వాళ్ళ నాన్న టువాలు పాట అనుకుంటా, మాకెవరికీ అర్థం కాలేదు. మేం శుద్ధపూసలం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల్లో మేం అతన్ని వాడుకుంటున్నామని అతనికీ అనిపించలేదు, మాకూ అనిపించలేదు. సామాను ఇళ్ళకి చేరింది, అతనూ చేరాడు.

షెడ్డులో పాకం మాత్రం తగ్గింది. చివరికి అతను పెరట్లో ఒక్క వంటగిన్నెలో కాస్తూ ఉండగా కెల్విన్ దొర విమానం దిగాడు.

దొర మంచివాడే. కేకలు వెయ్యలేదు. ఖాళీ షెడ్డులో అటూ ఇటూ తిరిగి, గంగాళాలు ఉండాల్సిన చోట పడుకున్న పందిని చూసి, అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డాడు. నేను నీరా ఇవ్వడానికి వెళ్ళి అక్కడే చిక్కుకున్నాను.

"ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎవరూ తీసుకెళ్ళలేదు. నా చుట్టాలు బుబుసి అని అడిగారు, నేనిచ్చాను," అన్నాడు లుసమా.

"ఇవ్వడానికి అవి నీవా?"

లుసమా తల దించుకున్నాడు. దొర ఒక దారి చెప్పాడు. తను పక్క దీవికి పోతున్నాడు. వచ్చే విమానానికి తిరిగొస్తాడు. అప్పటికి సామానంతా షెడ్డులో ఉంటే కంపెనీ ఇంకో ఐదేళ్ళు ఉంటుంది, నీరాకి ధర కూడా పెంచుతారు. లేకపోతే పెట్టుబడి పెట్టినవాళ్ళు తాళం వేసుకుని రమ్మంటున్నారు, తన చేతిలో ఏం లేదు.

"ఇచ్చినవి ఎలా తెస్తాను?"

"వాళ్ళు నిన్ను అడిగే తీసుకున్నారన్నావుగా? నువ్వూ అడుగు," అన్నాడు దొర. "ఆ మాటేదో నీకూ పనిచేస్తుంది కదా. ఇప్పుడు నీకూ చుట్టాలున్నారు."

ఆ మాటకి లుసమా తలెత్తాడు. అది మాత్రం నాకు నచ్చలేదు. దారిలో చెప్పాను కూడా.

"వద్దురా. వదిలెయ్. తాళం వేసుకోనీ."

"తాళం వేస్తే నీకు బియ్యం ఎక్కడిది? మీ అందరికీ ఎక్కడిది?"

"కంపెనీ లేనప్పుడు ఏం తిన్నాం? చేపలే తిన్నాం."

"నేను అడిగితే తప్పేముంది అన్నా? నేనూ ఈ ఇంటివాణ్ణే. నాకూ అడిగే హక్కుంది, ఇంతవరకు వాడుకోలేదు, అంతే."

అన్నీ నిజమే. అయినా ఎందుకు వద్దో మాలో పుట్టినవాడికైతే చెప్పక్కర్లేదు. బయట నుంచి వచ్చినవాడికి ఎలా చెప్పాలో తెలీదు.

మర్నాడు తోపుడు బండి వేసుకుని బయల్దేరాడు. మొదట పెద్దమ్మ ఇంటికే వచ్చాడు. నేను ఆవిడ పాక మీద ఆకు మారుస్తున్నాను.

"అమ్మా, బుబుసి," అన్నాడు గుమ్మంలో కూర్చుని.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. నా వైపు చూసి, "విన్నావురా? ఇన్నాళ్ళకి నోరు తెరిచాడు నా కొడుకు. ఒక్కటంటే ఒక్కటి అడగలేదు, నేనేం పరాయిదాన్నా అని కుమిలిపోతున్నా. అడుగు నాయనా, ఏం కావాలి?" అంది.

"ఫ్రీజరు."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. "ఇక్కడే ఉందిగా. నీ చేపలూ ఇందులోనే పెట్టుకో."

"షెడ్డుకి కావాలమ్మా."

"నీకా?"

"కంపెనీకి."

పెద్దమ్మ లేచి ఫ్రీజరు తెరిచి, ఒక్కో చేపా తీసి కొబ్బరాకు మీద పరిచింది. వంగలేకపోతోంది, అయినా లుసమా చెయ్యి వెయ్యబోతే వెయ్యనివ్వలేదు. ఖాళీ అయ్యాక గుడ్డతో లోపలంతా తుడిచి, "తీసుకెళ్ళండి," అంది. అతను వచ్చాక ఆవిడ నోట 'అండి' రావడం అదే మొదలు. లుసమా దాన్ని గమనించాడో లేదో. బండి తోసుకుంటూ పోతుంటే చక్రాలు ఇసకలో దిగబడుతున్నాయి. నేను దిగి వెళ్ళి తొయ్యలేదు.

తర్వాత మా ఇంటికొచ్చాడు. ఇంజను విప్పి ఇచ్చాను. సియోసి గంగాళాలు తోమించి మరీ ఇచ్చాడు. చర్చి మీద పలకలు పాస్టరు గారే ఎక్కి దింపాడు. ఒక్కరు లేదనలేదు. అనకూడదు కదా. సాయంత్రానికి షెడ్డు నిండింది. దొర తిరిగొచ్చి చూసి నమ్మలేకపోయాడు. లుసమా భుజం తట్టి, "చూశావా, అడిగితే సరిపోయింది," అన్నాడు. ఐదేళ్ళకి సంతకాలయ్యాయి. ధర పెరిగింది. ఆ ఏడాది నేను చర్చి బట్టలు కుట్టించుకున్నాను, పిల్లలకి చెప్పులు కొన్నాను.

అంటే మా మంచికే చేశాడన్నమాట. ఆ సంగతి మాకు తెలీక కాదు. రాత్రిళ్ళు నేనూ సియోసీ అదే మాట్లాడుకున్నాం, తప్పెక్కడుందో చెప్పలేక. చివరికి పెద్దమ్మే చెప్పింది.

"ఇచ్చింది మళ్ళీ అడగడమే పాపం. అయినా ఆకలేసి అడిగితే పెట్టేదాన్ని. అడగడానికి కడుపు ఉండాలిరా. కంపెనీకి కడుపెక్కడుంది? వాడు నా కొడుకులా నోరు తెరిచాడు, లోపల దొర మాట్లాడాడు."

ఆవిడ అన్నది అదొక్కసారే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

లుసమా చోటుకి ఢోకా లేదు. మనియాబాలో నా పక్కనే కూర్చుంటాడు, స్తంభానికి ఆనుకునే. మా కుటుంబం పేరు పిలిస్తే తట్ట అతనికీ వస్తుంది. పెద్దమ్మ ఇచ్చిన నేల అతనిదే. అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. రేపు పోతే అక్కడే పెడతాం, ఎవరూ కాదనరు. కానీ అతన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. ఉప్పు అడగరు. అగ్గిపెట్టె అడగరు. నీరా డబ్బుతో కొన్న ఇంజను సముద్రం మీద ఆగిపోయినా సియోసి తెడ్డు వేసుకుంటూ వస్తాడు తప్ప మెకానిక్కు ఉన్నాడని గుమ్మం తొక్కడు. అతను ఎదురొస్తే మంచిగా పలకరిస్తారు. "మేనేజరు గారూ, బాగున్నారా?" అంటారు.

మొదట అతనికి హాయిగానే ఉండి ఉంటుంది. తర్వాత తెలిసింది. కొత్త వల కొని దారి పక్కన ఆరేసేవాడు. వల అలా కనపడితే మా వాళ్ళు ఆగలేరు మామూలుగా. చూసి, బాగుందండీ అని పోయేవాళ్ళు. చేపలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. ఉన్నాయండీ అనేవాళ్ళు. ఉండేవి కావు.

మొన్న మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. అప్పుడే అన్నానికి కూర్చోబోతున్నాం. సైకిలు గోడకి ఆనించి గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్ళు తగ్గాడు.

"అన్నా, ఏదైనా అడుగు."

"ఏమడగమంటారు?"

"ఏదైనా. వల అడుగు. రేడియో ఉంది."

"ఎందుకండీ, మీ దయవల్ల మాకేం లోటు లేదు."

"ఈ సైకిలు? మీ చిన్నది బడికి అంత దూరం నడుస్తోంది. నేను రోజూ చూస్తున్నాను. సైకిలు అడుగు అన్నా."

నిజం చెప్పాలంటే సైకిలు నాకు కావాలి. చిన్నదాని కాళ్ళు సాయంత్రానికి వాచిపోతున్నాయి. అది నా వెనకే నిలబడి వింటోంది. అడుగుదామనే అనుకున్నాను. ఒక్క మాట, ఎంతసేపు పడుతుంది? అతని మొహం చూస్తే జాలేసింది, చాలా జాలేసింది. అయినా నోరు రాలేదు. ఇవాళ నేను అడిగితే, రేపు కంపెనీకి సైకిలు కావాల్సొస్తే మళ్ళీ వచ్చి ఇదే గుమ్మంలో కూర్చుంటాడు కదా అనిపించింది.

"నడిస్తే పిల్లలకి మంచిదేనండీ," అన్నాను.

నా భార్య అకెనే లోపలికి వెళ్ళి, ఎప్పుడూ వాడని కొత్త చాప తెచ్చి, దులిపి పరిచింది. "భోజనం వేళకొచ్చారు, తినకుండా పోతే ఎలా? కూర్చోండి," అంది. మేమంతా పాత చాపల మీదే ఉన్నాం. లుసమా ఆ చాప వంక చూశాడు, నా వంక చూశాడు, చెప్పులు విప్పి దాని మీద కూర్చున్నాడు. చేప నడిముక్క ఆయనకి వడ్డించాం. మా దగ్గర అతిథులకి చేసే పద్ధతి ప్రకారం ఆయన తినడం అయ్యేదాకా ఆగి, తర్వాత మేం తిన్నాం.